నంబరు లేని ఇంజిన్

సోర్‌వుడ్ వాగు, కెంటకీ
మార్చి 1997

సహోదరి డెల్ఫాకు,

ప్రభువు కృప నీకును నీ ఇంటికిని తోడైయుండును గాక.

కారు చేరింది. ట్రక్కు డ్రైవరు మన కొండదారిని తిట్టుకుంటూ ఎక్కొచ్చాడు. నా షెడ్డు గోడ మీద పాపానికి వచ్చే జీతం మరణమని మూరెడు అక్షరాలతో రాసి పెట్టాను కదా, అది చదివాక మాత్రం కారు దించి వెళ్లేదాకా మళ్లీ నోరు విప్పలేదు. వాక్యం పనిచేస్తుంది అక్కా, మనం దాన్ని గోడ మీదన్నా పెట్టాలి.

కారు సంగతి. తమ్ముడు ఎస్టిల్ పోయిన దగ్గర్నుంచి నీ షెడ్డులో కదలకుండా ఉంది కాబట్టి సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. కింద రేకు తుప్పు తినేసింది. తలుపులు, బానెట్, వెనక డిక్కీ మూత మాత్రం పుట్టినప్పటివే. పెద్ద ఇంజిన్ల మజిల్ కార్లంటే కుర్రకారు పిచ్చెత్తిపోయిన రోజుల్లో కొన్న బండి. ఇప్పుడు చూస్తే తడిసిన ముసలి ఎద్దులా ఉంది. దీన్ని లేపుతాను. నాలుగు రోజులు సమాధిలో ఉన్నవాణ్ణి లేపిన దేవుడు మనకున్నాడు.

నువ్వు కిందటి ఉత్తరంలో అడిగినదాన్ని నా మాటల్లో మళ్లీ రాస్తున్నాను, రేపు మాట తేడా రాకుండా.

ఎస్టిల్ ఈ కారు వేసుకుని ఇంటికొచ్చి, పెద్ద ఇంజిన్ ఫ్యాక్టరీ ఇచ్చిందే అని గొప్పగా బానెట్ ఎత్తాడు. ఇంజిన్ మీద నంబరు కొట్టి ఉండాల్సిన చోట ఏమీ లేదు. పక్కనున్న గ్యారేజివాడు, "నంబరు గీకేశారంటే దొంగసరుకే" అన్నాడు. ఎస్టిల్ పనిచేసేది ఇంజిన్ల ఫ్యాక్టరీలోనే అయ్యె. నాన్న ఇంకేమీ అడగలేదు. మన సమాధుల కొండ మీద దొంగకి చోటు లేదన్నాడు. చనిపోయాక తమ్ముడు మిషిగన్ మట్టిలోకే పోయాడు. ఆగస్టులో మన సమాధుల దగ్గర కూడిక జరిగినప్పుడు మన ఇంట చనిపోయిన ప్రతివాళ్ల పేరూ పిలుస్తాం, పేరు పెట్టిన నాడే పోయిన పసికందులతో సహా. వాడి పేరు పిలవం. నాన్న తర్వాత ఆ కొండకి కాపు నేను. పిలిస్తే నా నోరే పిలవాలి.

ఇంజిన్ న్యాయంగా వచ్చిందని తేలితే ఈ ఆగస్టులో వాడి పేరు పిలుస్తాను. తేలకపోతే నువ్వు మళ్లీ ఈ మాట ఎత్తకూడదు. సరేనా.

ప్రభువు సేవలో,
సహోదరుడు వెర్లిన్ ఐసన్


ఇప్సిలాంటి, మిషిగన్
ఏప్రిల్

వెర్లిన్‌కి,

సరే.

నీ ఉత్తరంలో దొంగ అన్న మాట గట్టిగా, తమ్ముడు అన్న మాట నెమ్మదిగా వినిపించింది. పోనీలే. రాసే చెయ్యి నీదే అయినా ఒత్తి రాసింది నాన్న.

వాడు దేవదూత అని నేననను. నా పర్సులో చిల్లర తీసేవాడు. "ఎస్టిల్, నువ్వేనా" అని అడిగితే, "నేనే, ఐస్‌క్రీం తిన్నా" అనేవాడు. ఇది గుర్తుంచుకో. అడిగితే ఒప్పుకునేవాడు. నాన్న అడగలేదు.

ఇక్కడ మా పక్కవీధిలో క్లిఫర్డ్ బేలర్ అని ఒకాయన ఉన్నాడు. పాతకార్ల పోటీల్లో తీర్పు చెబుతాడు. తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఇంజిన్ ముందు వంగినంత వినయంగా దేవుడి ముందు కూడా వంగడు. మనిషి డబ్బా కొడతాడు గానీ పని తెలిసినవాడు. నంబరు లేని ఇంజిన్ గురించి అతన్ని అడుగుతాను. నువ్వు తొందరపడకు. నీకు తొందరెక్కువ.

ఇక్కడ ఇంకా మంచు పూర్తిగా కరగలేదు. మోకాళ్లు నొప్పి.

డెల్ఫా


సోర్‌వుడ్ వాగు
ఏప్రిల్ చివర

సహోదరి డెల్ఫాకు,

శుభము.

పని జోరుగా సాగుతోంది. వారమంతా కడగడమే. వాగునీళ్లు పంపుతో కొట్టి, గోకి, సబ్బు పట్టించి, మళ్లీ కొట్టి. ఆ జిడ్డు చూస్తే మనిషి హృదయం గుర్తొచ్చింది. పైన మెరుపు, కింద మురికి. ఆదివారం కూడికలో ఇదే బోధించాను. హిస్సోపు కొమ్మతో కడిగితే హిమం కంటే తెల్లనవుతామన్న కీర్తన ఎత్తుకుని, కారు అడుగుభాగం గురించి చెప్పాను. మిసెస్ బోగ్స్ ఏడ్చింది. ఆవిడకి కారు లేదు.

గార్నెట్ బాబాయి వచ్చి కర్ర మీద ఆనుకుని చూశాడు.

"దేనికి రా ఈ ఆరాటం. మీ నాన్న ఎప్పుడో తేల్చేశాడుగా."

"తేలిందో లేదో చూద్దామని, బాబాయ్."

"నీ అక్క ఏడుస్తుందని తేలింది తేలనట్టయిపోద్దా. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకి ఏడవటం తప్ప పనేముంది."

"ఆవిడ ఏడవలేదు బాబాయ్. ఉత్తరం రాసింది."

"అది ఇంకా చెడ్డది" అని వెళ్లిపోయాడు.

ఇంజిన్ బయటకి తీసి బల్ల మీద పెట్టాను. నంబరు కొట్టే చోటు నీకు తెలుసుగా, ముందుపక్కన చిన్న చదును, రెండు వేళ్ల వెడల్పు. దాని మీద నారింజ రంగు పొరలు పొరలుగా ఉంది. రంగు కింద తుప్పు. దాన్ని కూడా అద్దంలా చేసి, వెలుగులో పెట్టి చూస్తాను. గీకిన గుర్తున్నా, కొట్టిన నంబరు జాడ ఉన్నా కనిపించి తీరాలి. మరుగైనదేదీ బయలుపడక మానదని ప్రభువు చెప్పాడు. ఆయన చెప్పాక మనకి భయమేమిటి.

ప్రభువు సేవలో,
సహోదరుడు వెర్లిన్ ఐసన్


ఇప్సిలాంటి
ఏప్రిల్ చివర

వెర్లిన్,

ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా ఆ నంబరు చోటు ముట్టుకోకు. నువ్వు ఫోను పీకించెయ్యకపోయుంటే ఇది నిమిషం మాట. ఊసుపోక ఆడే ప్రతి మాటకీ లెక్క చెప్పాలని లేఖనంలో ఉందని పీకించావు. ఇప్పుడు నేను పోస్టాఫీసు మీద ఆశ పెట్టుకోవాలి.

బేలర్ చెప్పింది ఇది. కొత్త కారు ఇంజిన్ గ్యారంటీ గడువులో పాడైతే, ఫ్యాక్టరీ ఇంకో ఇంజిన్ పంపేది. అలా పంపిన వాటి మీద నంబరు కొట్టేవాళ్లు కాదట. చదును ఖాళీగానే ఉండేది. అంటే ఖాళీగా ఉండటం తప్పేమీ కాదు. గీకేశారా లేక మొదటినుంచీ ఖాళీయేనా అన్నదే ప్రశ్న.

తెలుసుకునే దారి ఒకటే. ఫ్యాక్టరీలో ఆ చదునుని కోసిన పనిముట్టు సన్నటి గీతలు వదుల్తుంది. తడిజుట్టులో దువ్వెన దువ్వినట్టు, అన్నీ ఒకే వరసలో. ఆ గీతలు చెదరకుండా ఉంటే దాన్ని ఎవరూ గీకలేదు. గీతలు లేకపోతే గీకేశారు. వైరు బ్రష్ గానీ ఉప్పుకాగితం గానీ తగలనివ్వొద్దు, తగిలితే ఆ తర్వాత దేవుడు కూడా చెప్పలేడు అన్నాడు. దేవుడి సంగతి నీకూ అతనికీ వదిలేస్తాను. రంగు పోగొట్టే మందు వేసి, మెత్తటి గుడ్డతో ఒత్తి చూడు. అంతే.

గ్యారంటీ ఇంజిన్ ఎందుకు అవసరమైందని నువ్వు అడుగుతావు. ఎస్టిల్ పందెం తోలాడు. ఊరి బయట తిన్నని రోడ్డు మీద, శనివారం. మొదటి ఇంజిన్ పగిలిపోయింది. షోరూంవాళ్లకి మాత్రం చర్చికి వెళ్తుంటే పగిలిందని చెప్పాడు. వాళ్లు నమ్మారు, లేదా నమ్మినట్టు ఊరుకున్నారు. పందెం సంగతి నాన్నకి తెలియనివ్వొద్దని నా చేత మాట తీసుకున్నాడు. నాన్న దృష్టిలో పందెం కన్నా పెద్ద పాపం లేదు కదా. దొంగ అనిపించుకుంటాడని వాడికి మాత్రం ఏం తెలుసు.

గీతలున్నాయో లేదో రాయి. వేరే ఏమీ రాయకపోయినా ఫర్వాలేదు.

డెల్ఫా


సోర్‌వుడ్ వాగు
మే

సహోదరి డెల్ఫాకు,

నీ ఉత్తరం అందింది. చదివి మోకాళ్ల మీద పడ్డాను.

పందెం. మన నాన్న ఏ పాపాన్ని గడప తొక్కనివ్వకుండా బతికాడో, ఆ పాపం వాడి కాళ్ల కింద పెడల్ అయి కూర్చుందన్న మాట. పరుగెత్తేవాడి వల్ల కాదు, కరుణించే దేవుడి వల్లే అవుతుందని అపొస్తలుడు రాశాడు. వేగం ఎవరిది? రథాల్ని నమ్మినవాళ్లు సముద్రంలో ఏమయ్యారు? ఫరో రథాలకి చక్రాలు ఊడిపోయినప్పుడు ఏ గ్యారంటీ వాటిని మళ్లీ బిగించింది? పైగా చర్చి పేరు చెప్పి అబద్ధం. దేవుని నామాన్ని వ్యర్థంగా ఎత్తినవాణ్ణి ఆయన నిర్దోషిగా ఎంచడు. ఇది నేను అన్నది కాదు, రాతిపలక మీద చెక్కింది. యౌవనుడా, నీ కోరిక చొప్పున నడుచుకో, కానీ వీటన్నిటికీ దేవుడు నిన్ను తీర్పులోకి తెస్తాడని జ్ఞాపకముంచుకో అని ప్రసంగి హెచ్చరించాడు. ఈ తరం చెవులున్నా వినదు. మే నెల మొత్తం దీని మీదే బోధిస్తాను. అగ్ని రగిలింది, ఆర్పను.

అడుగు రేకులు కొత్తవి అతికించాను. వెనక సీటు కింద రంగు మొదటిదే, ముదురాకుపచ్చ. ఇంజిన్ పని సాగుతోంది.

ప్రభువు ఉగ్రతను తలచుకుంటూ,
సహోదరుడు వెర్లిన్ ఐసన్


ఇప్సిలాంటి
మే

వెర్లిన్,

ఫరో రథాల గురించి తెలిసింది. గీతల గురించి తెలియలేదు.

నాన్న కూడా ఇంతే. పొలం తాకట్టు పెట్టి అమ్మకి చెప్పని వారం, ఇంట్లో భోజనాల ముందు ప్రార్థన ఎంత పొడుగుండేదో నీకు గుర్తుందిగా. చిక్కుడుగింజలు చల్లారి గడ్డకట్టేవి.

ఉన్నాయా, లేవా.

డెల్ఫా


సోర్‌వుడ్ వాగు
జూన్

అక్కా,

ముట్టుకోకు అన్న నీ ఉత్తరం ఒక మంగళవారం వచ్చింది. నేను ఆ పని దానికి ముందు శనివారమే చేసేశాను.

డ్రిల్లుకి వైరు బ్రష్ తగిలించి రంగు లేపేశాను. తర్వాత ముతక ఉప్పుకాగితం, తర్వాత సన్నది, తర్వాత ఇంకా సన్నది, నీళ్లు పోసి. అద్దంలా అయింది. చాలా బాగా వచ్చింది. అప్పుడు వెలుగులో పెట్టి చూశాను. ఏమీ లేదు. నంబరు లేదు, గీకిన గుర్తు లేదు, గీత లేదు. అప్పుడు నాకు సంతోషమో దుఃఖమో కూడా తెలియలేదు. మంగళవారం తెలిసింది.

రంగు లేస్తున్నప్పుడు గీతలు కనిపించాయేమో అని నువ్వు అడుగుతావు. కళ్లద్దాల మీద తుప్పుపొడి పడుతోంది. నేను పాట పాడుకుంటున్నాను. చూడలేదు. చూడటానికే కడిగాను, కడుగుతున్నప్పుడు చూడలేదు.

"ఉన్నాయి" అని ఒక్క మాట రాస్తే అయిపోయేది. నువ్వు నిద్రపోయేదానివి, నేను పేరు పిలిచేవాణ్ణి, బాబాయి సణిగి ఊరుకునేవాడు. ఆ మాట రాసిన కాగితం ఒకటి పొయ్యిలో వేశాను. అబద్ధసాక్ష్యం ప్రేమతో చెప్పినా అబద్ధసాక్ష్యమే. తమ్ముణ్ణి అబద్ధంతో బయటపడేస్తే నాన్న మాటే నిజమైనట్టు.

ఇంకొకటి. డ్యూయీ అని ఒకడు షెడ్డుకొచ్చాడు. పాతకార్లు కొని అమ్ముతుంటాడు. చదును చూసి ఈల వేశాడు.

"భలే శుభ్రం చేశావు, బోధకుడుగారూ. పెళ్లికూతురి మొహంలా ఉంది. పౌడరు నేనద్దనా?"

"ఏం పౌడరు?"

"గీతలు మళ్లీ తీసే పనిముట్టుంది నా దగ్గర. నంబరు అచ్చులూ ఉన్నాయి. నీ కారుకి సరిపోయే నంబరు కొట్టేస్తా. ఎంత తెల్లతొడుగులోడైనా కనిపెట్టలేడు."

"దేవుడు?"

"ఆయన కార్ల పోటీలకి రాడుగా."

వాణ్ణి కొట్టలేదు. కాఫీ ఇచ్చి పంపాను. వాడు అన్నది నన్ను ఒక పూటంతా వదల్లేదు కాబట్టి కొట్టే అర్హత నాకు లేదనిపించింది.

గోధుమల్లో గురుగులు మొలిస్తే, పీకేస్తామని పనివాళ్లు తొందరపడ్డారు. వద్దు, గోధుమలు కూడా ఊడొస్తాయి, కోతదాకా ఉండనివ్వండి అన్నాడు యజమాని. దీని మీద నేను ఎన్నిసార్లు బోధించానో.

వెర్లిన్


ఇప్సిలాంటి
జూలై

వెర్లిన్,

నిజం రాసినందుకు మంచిది. ఆలస్యంగా రాసినా.

నీ మీద కేకలేద్దామని రెండు రోజులు చూశాను. రాలేదు. ఎస్టిల్ ఉంటే నవ్వేవాడు. "వాడికి మురికి చేతికిస్తే అంతే, డెల్ఫా, పుణ్యం వచ్చేదాకా రుద్దుతాడు" అనేవాడు.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. షోరూంకి వాడితో నేను వెళ్లలేదు. కొత్త ఇంజిన్ దించుతుంటే చూడలేదు. అలా జరిగిందని వాడు నా వంటింట్లో కూర్చుని చెప్పాడు, నేను నమ్మాను. నా దగ్గరున్నది అంతే. బేలర్ దీన్ని సాక్ష్యం అనడు. నువ్వూ అనక్కర్లేదు.

ఒప్పందం ప్రకారం తేలలేదు. నేను ఇక ఈ మాట ఎత్తను. కారు నువ్వే ఉంచుకో, నాకు దాన్ని పెట్టుకునే చోటు లేదు.

ఇంకో సంగతి, కొండకి కాపువి నువ్వు కాబట్టి నీకే చెప్పాలి. అమ్మ పక్కన నాకని వదిలిన చోటు ఎవరికైనా ఇచ్చెయ్. ఇక్కడ ఎస్టిల్ పక్కన ఖాళీ ఉంది. తీసుకున్నాను. ఇందులో కోపమేమీ లేదు. వాడి దగ్గరకి మీరెవరూ రారు, ఎవరో ఒకరు ఉండాలి కదా.

కూడికకి రాలేను. మోకాళ్లు.

డెల్ఫా


సోర్‌వుడ్ వాగు
ఆగస్టు

అక్కా,

కూడిక ఆదివారం అయింది. ఎండ బాగా ఉంది. పందిరి కింద బెంచీలు నిండి, మిగిలినవాళ్లు సమాధుల మధ్యే కుర్చీలేసుకున్నారు. ముందు మాట్లాడిన ఇద్దరు బోధకులూ నిడివి చూసుకోలేదు. నా వంతు వచ్చేసరికి పిల్లలు వాగులోకి దిగిపోయారు.

నేను బోధించలేదు. జరిగింది చెప్పాను. నా తమ్ముడి ఇంజిన్ దొంగదో కాదో చెప్పగలిగిన గుర్తు ఒకటుండేది, దాన్ని నేనే నా చేతులతో, పాట పాడుకుంటూ, తుడిచేశాను అన్నాను. ఇక ఈ లోకంలో అది తేలదు అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. ఆమేన్ అనే మాట కాదు కదా.

తర్వాత పేర్లు మొదలుపెట్టాను. తాతలు, నానమ్మలు, పసికందులు, అమ్మ, నాన్న. నాన్న పేరు తర్వాత ఆగి, "ఎస్టిల్ ఐసన్" అన్నాను.

గార్నెట్ బాబాయి లేచాడు. కర్ర లేకుండానే లేచాడు.

"సాక్ష్యం ఏది?"

"లేదు, బాబాయ్."

"మరి ఎలా పిలుస్తావురా?"

"ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట స్థిరపడాలని లేఖనం చెప్పింది నేరం గురించి. పేరు పిలవడానికి కాదు. ఆ రోజు వాణ్ణి దొంగ అన్నది ఎంతమంది? ఒక్క గ్యారేజివాడు. వాడు కూడా ఊహించే అన్నాడు. మనమే తీర్పు రాసేసుకున్నాం."

"మీ నాన్నుంటే ఒప్పుకునేవాడా?"

"ఇక్కడే ఉన్నాడుగా, నీ కాళ్ల పక్కన. ఏమీ అనట్లేదు."

ఎవరో వెనకనుంచి నవ్వారు, మిసెస్ బోగ్స్ అనుకుంటాను. బాబాయి కూర్చున్నాడు. నేను ఆ పేరు మళ్లీ పిలిచాను, మొదటిసారి గాలికి పోయిందేమో అని. ఆ తర్వాత పాట ఎత్తుకున్నాం, నేను వరస అందిస్తే అందరూ సాగదీసి పాడారు. బాబాయి పెదాలు కదిలాయి. పాడాడో తిట్టాడో ఆ దూరం నుంచి తెలియలేదు. భోజనానికి మాత్రం ఉన్నాడు. కోడివేపుడు బాగుందన్నాడు. నాతో కాదు, కోడితో.

ఇది నువ్వు అడిగినందుకు చేయలేదు. నువ్వు అడగడం మానేశాక చేశాను.

నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వను. ఎక్కడ పడుకుంటావో నీ ఇష్టం, ఖాళీ మాత్రం నీ పేరునే ఉంటుంది. వాడి పక్కన ఎవరో ఒకరు ఉండాలన్నావు. నిజమే. ఇన్నేళ్లలో నేను ఆ సమాధి ఎక్కడుందో కూడా అడగలేదు.

కారు లేచింది. ముదురాకుపచ్చే వేశాను. వాగు పక్క రోడ్డు మీద తోలి చూశాను. ఆ చప్పుడికి ఆవులు కంచె దాకా పరుగెత్తుకొచ్చాయి. కొంచెం గట్టిగానే తొక్కాను. ఇది ఎవరికీ చెప్పకు. చెట్లు రంగు మారక ముందే అక్కడికి తోలుకొస్తాను. దారి నాకు తెలియదు, నువ్వు పక్కసీట్లో కూర్చుని చూపించాలి. మోకాళ్లకి చోటు సరిపోతుంది, చూశాను.

ఇంజిన్‌కి మళ్లీ నారింజ రంగే వేశాను, ఆ చదును ఒక్కటి వదిలేసి. దాని మీద గీత తియ్యలేదు, నంబరు కొట్టలేదు. తుప్పు పట్టకుండా పొద్దున్నే బానెట్ ఎత్తి నూనెగుడ్డతో తుడుస్తుంటాను. అద్దంలా చేశానన్నానుగా. రెండు వేళ్ల వెడల్పే కాబట్టి, వంగితే మొహమంతా పట్టదు. ఒక కన్ను కనిపిస్తుంది. దానికి తగిన వాక్యం, ఆ నలుసూ దూలమూ, నీకూ తెలుసు. రాయను.

నీ తమ్ముడు,
వెర్లిన్